గీత మీద గీత పడితేనే!

"బాబాయ్, బోరు నిండా గీతలు పడ్డాయి. చూసుకున్నావా?"

విజయవాడ ఆటోనగర్‌లో, ఒక పాత లేత్ షాపులో నేనన్న మాట ఇది. అక్కడ పనిచేస్తున్న కుర్రాళ్లు ముగ్గురూ పని ఆపి నా మొహం చూశారు. ఒకడైతే నవ్వాపుకోలేక అటు తిరిగిపోయాడు. మేస్త్రీ మాత్రం నవ్వలేదు. సిలిండర్ బ్లాకుని ట్యూబులైటు వెలుగులోకి వంచి చూపించి, "పడలేదు అబ్బాయ్, పెట్టాను. ఇవి లేకే కదా నీ బండి ఇన్నాళ్లూ పొగ కక్కింది" అన్నాడు.

ఈ వారం కాలమ్ మొత్తం ఆ ఒక్క మాట గురించే. బండి నుంచి మొదలుపెట్టి వంటింట్లోకి, అక్కణ్నుంచి మీ జేబులోకి వెళ్దాం. మధ్యలో 500 ఏళ్లు వెనక్కి కూడా వెళ్లొద్దాం. ముందు బండి సంగతి చెప్తాను.

నాన్న బండి

అది నాన్న బండి. నేను ఒకటో తరగతిలో ఉండగా కొన్న 100 సీసీ బండి. ట్యాంకు మీద కూర్చుని స్కూలుకెళ్లింది దాని మీదే. అక్క పెళ్లి శుభలేఖలు పంచింది దాని మీదే. నాన్న దాన్ని తుడిచినంత శ్రద్ధగా తన కళ్లజోడు కూడా తుడుచుకోడు.

పోయినేడాది అది బోరుకొచ్చింది. బండి వాడేవాళ్లకి ఈ మాట అర్థం చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఇంజన్‌లో పిస్టన్ పైకీ కిందకీ ఆడే గుండ్రటి గొట్టమే బోరు. ఏళ్ల తరబడి రాపిడికి ఆ గొట్టం అరిగిపోతుంది. అప్పుడు ఇంజన్ ఆయిల్ కింద నుంచి పైకి ఎక్కి పెట్రోలుతో పాటు తగలబడుతుంది. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది.

మా ఊరి దగ్గర్లోనే ఒక షాపులో రీబోరు చేయించాం. కొత్త పిస్టన్, కొత్త రింగులు వేశారు. బిగించే ముందు నేను తొంగి చూశాను. లోపల బోరు అద్దంలా తళతళలాడుతోంది. వంగి చూస్తే నా ముక్కు కనిపించింది. "పనంటే ఇదీ!" అని మెచ్చుకున్నాను కూడా.

నెల తిరక్కుండా మళ్లీ అదే పొగ. షాపుకెళ్తే, "కొత్త ఇంజన్ కదా, సెట్టవ్వాలి" అన్నారు. ఇంకో నెల చూశాం. సెట్టవ్వలేదు. నాన్న మెల్లగా బండి తీయడం మానేశాడు. "సెంటర్‌లో ఆగితే వెనకాలోళ్లు ముక్కు మూసుకుంటున్నార్రా" అన్నాడొకరోజు. ఆ తర్వాత వారం, పాతసామాన్ల వాడు ఎంతిస్తాడో కనుక్కోమన్నాడు. ఆ మాట అంటూ నా వైపు చూడలేదు. గోడకానించిన బండి వైపూ చూడలేదు.

అదీ నేను ఆటోనగర్‌కి వెళ్లడానికి కారణం.

అద్దంలా మెరిస్తే ఏంటి తప్పు?

మేస్త్రీ విప్పి చూసి ఒక్క నిమిషంలో తేల్చేశాడు. పిస్టన్ బానే ఉంది, బోరు కొలత బానే ఉంది. కానీ బోరు కోసినవాళ్లు హోనింగ్ చేయకుండా పాలిష్ కొట్టి ఇచ్చేశారు. మరీ నున్నగా ఉంది. అదే జబ్బు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. నున్నగా ఉంటే రాపిడి తగ్గాలి కదా?

ఆయన టీ గ్లాసు తీసి, ఖాళీ గాజు గ్లాసు మీద నాలుగు నీటి బొట్లు వేశాడు. గ్లాసు కాస్త వంచగానే బొట్లు జారిపోయాయి. పక్కనే ఉన్న ఇటుక ముక్క మీదా వేశాడు. నీళ్లు అక్కడే పట్టుకుని కూర్చున్నాయి. "నూనె కూడా అంతే. నిలబడ్డానికి దానికి చోటు కావాలి" అన్నాడు.

విషయం ఏంటంటే, పిస్టన్ చుట్టూ ఉండే ఉంగరాల్లాంటి రింగులు బోరు గోడని ఎప్పుడూ తుడుస్తూనే ఉంటాయి. గోడ గాజులా ఉంటే, అవి తుడిచేసరికి నూనె పొర సరిగా నిలవదు. ఇంకో సమస్య కూడా ఉంది. కొత్త రింగు, కొత్త బోరు మొదట్లో ఒకదానికొకటి కాస్త అరిగి, అచ్చుగుద్దినట్టు అమరాలి. గోడ మరీ నున్నగా ఉంటే ఆ అరుగుదల జరగదు. రింగు పట్టు దొరక్క జారుతూనే ఉంటుంది. సందులోంచి నూనె పైకెక్కుతుంది. పొగ వస్తుంది.

అందుకే బోరు కోసిన తర్వాత హోనింగ్ అనే పని తప్పనిసరి. సానరాళ్లు బిగించిన పనిముట్టు ఒకటి బోరులోకి దిగుతుంది. అది గుండ్రంగా తిరుగుతూనే పైకీ కిందకీ ఆడుతుంది. కిందకి దిగేటప్పుడు ఒక వైపు ఏటవాలుగా సన్నని గీతలు పడతాయి. పైకొచ్చేటప్పుడు రెండో వైపు ఏటవాలుగా పడతాయి. రెండూ కలిసి గోడంతా చిన్న చిన్న డైమండ్‌లు తయారవుతాయి. ఈ అల్లికనే క్రాస్‌హ్యాచ్ అంటారు.

మరి ఒకవైపు గీతలు సరిపోవా? ఆలోచించండి. గీతలన్నీ నిలువుగా ఉంటే నూనె వాటి వెంటే జారి కిందకి పోతుంది. అన్నీ అడ్డంగా ఉంటే నూనె ఎక్కడిదక్కడే ఆగిపోతుంది, పైగా రింగు అంచు ప్రతి గీతకీ తట్టుకుంటుంది. ఏటవాలు గీతలు ఒకదాన్నొకటి దాటుతూ వెళ్తే, నూనె కొంత నిలుస్తుంది, కొంత పాకుతుంది. అందుకే ఆ కోణం కూడా లెక్క ప్రకారమే పెడతారు. చాలా ఇంజన్లలో రెండు వరసల మధ్య 40 నుంచి 60 డిగ్రీలు ఉంటుంది. గీతలు మరీ నిలువుకి దగ్గరైతే నూనె త్వరగా దిగిపోతుంది. మరీ అడ్డానికి దగ్గరైతే నూనె ఎక్కువ నిలిచి తగలబడుతుంది. పనిముట్టు తిరిగే వేగం, పైకీ కిందకీ ఆడే వేగం, ఈ రెండింటినీ సరిచూసుకుంటేనే ఆ కోణం కుదురుతుంది.

పెద్ద ఫ్యాక్టరీల్లో ఇంకో మెట్టు కూడా ఉంటుంది. ముందు గరుకు రాయితో లోతైన గీతలు పెట్టి, తర్వాత మెత్తటి రాయితో పైపైన ఉన్న మొనల్ని మాత్రం చెక్కేస్తారు. కొండల తలలు కొట్టేసి లోయల్ని అలాగే ఉంచడం అన్నమాట. రింగు ఆనడానికి చదునైన చోటు దొరుకుతుంది, నూనె దాక్కోడానికి లోయ దొరుకుతుంది.

మేస్త్రీ చెయ్యి బోరు మీద ఆడుతుంటే నాకు ఒకటే ఆశ్చర్యం. నేను పాడైపోయిందనుకున్న గోడ బాగుపడినది. బాగుందని మెచ్చుకున్న గోడే పాడైనది.

సిరా దాక్కునే గాడి

క్రాస్‌హ్యాచ్ అనే మాట మెకానిక్‌ల సొంతం కాదు. బొమ్మలు వేసేవాళ్ల దగ్గర అది అంతకంటే ఎంతో ముందు నుంచీ ఉంది.

ఒక పని చేయండి. బాల్ పెన్ తీసుకుని, కాగితం మీద పక్కపక్కనే నిలువు గీతలు గీయండి. లేత బూడిద రంగు వచ్చినట్టుంటుంది. ఇప్పుడు వాటి మీద ఏటవాలుగా ఇంకో వరస గీయండి. నీడ ముదురుతుంది. మూడో వరస వేస్తే ఇంకా ముదురుతుంది. పెన్నులో ఉన్నది ఒకటే రంగు. బూడిద రంగు ఎక్కడిది? కాగితం మీద మిగిలిన తెలుపుది. గీతల మధ్య తెలుపు తగ్గేకొద్దీ కంటికి చీకటి పెరుగుతుంది. ఒకవైపు గీతలే అయితే చూసేవాడికి దువ్వెన పళ్లలాగానో వెదురు తడికలాగానో కనిపిస్తాయి. రెండో వరస పడగానే గీతలు మాయమై నీడ మిగులుతుంది.

దీన్ని తారస్థాయికి తీసుకెళ్లినవాడు జర్మనీలోని న్యూరెంబర్గ్‌కి చెందిన ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్. 1471లో పుట్టాడు. తండ్రి కంసాలి. ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. లోహం మీద గీత గీసే చెయ్యి అలా వచ్చింది. 1514లో ఆయన చెక్కిన 'మెలంకోలియా' బొమ్మ ఇంటర్నెట్‌లో వెతికి, వీలైనంత జూమ్ చేసి చూడండి. దిగులుగా కూర్చున్న రెక్కల మనిషి, పట్టుబట్టల్లాంటి మడతలు, నీడలో ఉన్న మొహం. దగ్గరికెళ్లేకొద్దీ అవేవీ ఉండవు. గీతలే ఉంటాయి.

అది కాగితం మీద గీసిన బొమ్మ కాదు. రాగిరేకు మీద సన్నని ఉలితో గాళ్లు చెక్కాడు. రేకు మీద సిరా పూసి, పైనంతా శుభ్రంగా తుడిచేస్తారు. అయినా గాళ్లలో సిరా మిగులుతుంది. తడి కాగితం పెట్టి గట్టిగా నొక్కితే ఆ సిరా కాగితానికి ఎక్కుతుంది.

ఎక్కడో విన్నట్టుంది కదా? పైన తుడిచేసినా గాడిలో మిగలడం! నాన్న బండి బోరులో నూనె చేసేదీ ఇదే. మేస్త్రీకి డ్యూరర్ ఎవరో తెలియకపోవచ్చు. ఇద్దరూ నమ్ముకున్నది మాత్రం ఒకటే గాడి.

ఈ పద్ధతి మ్యూజియంలో పడుకోలేదు. మీ పర్సులో ఉంది. 500 నోటు తీసి, గాంధీగారి బొమ్మ మీద వేలితో మెల్లగా రాయండి. కాస్త ఉబ్బెత్తుగా తగులుతుంది. అది గాళ్లలోంచి కాగితానికి ఎక్కిన సిరా. కంటిచూపు తక్కువున్నవాళ్లు నోటుని గుర్తుపట్టడానికీ, దొంగనోటు ముద్రించేవాడికి పని కష్టం చేయడానికీ పనికొస్తుంది. ఫోన్ కెమెరాతో జూమ్ చేస్తే ఆ నవ్వు మొహం సన్నని గీతలుగా, చుక్కలుగా విడిపోతుంది.

ఒకప్పుడు పత్రికల్లో ఫొటోలు అచ్చేయడానికి కూడా అడ్డగీతలే దిక్కు. ఫొటోలో వంద రకాల బూడిద రంగులు ఉంటాయి. ప్రెస్‌లో ఉండేది నలుపు ఒక్కటే. అప్పుడేం చేశారంటే, రెండు గాజు పలకల మీద దగ్గరదగ్గరగా సమాంతర గీతలు చెక్కి, వాటిలో నలుపు నింపి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా అతికించారు. ఆ జల్లెడ గుండా ఫొటో తీస్తే బొమ్మ మొత్తం చిన్నా పెద్దా చుక్కలుగా మారిపోతుంది. దీన్నే హాఫ్‌టోన్ అంటారు. మన దేశంలో ఈ విద్య మీద లోతుగా పనిచేసినవాడు కలకత్తాకి చెందిన ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి. పిల్లల కథల రచయిత కూడా. సినిమా దర్శకుడు సత్యజిత్ రాయ్‌కి తాతయ్య. తన పుస్తకాల్లో బొమ్మలు సరిగా అచ్చుకావట్లేదని విసిగి, తనే ఆ పని నేర్చుకుని, ఆ జల్లెడల గురించి బ్రిటన్ నుంచి వెలువడే ముద్రణా పత్రికలో వ్యాసాలు రాశాడు. 1913లో 'సందేశ్' అనే పిల్లల పత్రిక పెట్టి, తన ప్రెస్‌లోనే అచ్చేశాడు.

కోయాలి, తెగకూడదు

వంటింట్లోకి వద్దాం. ఇక్కడ గురువు అమ్మ.

గుత్తివంకాయ కోయడం చూశారు కదా. కింద నుంచి నిలువునా ఒక గాటు, దానికి అడ్డంగా ఇంకోటి. తొడిమ దాకా వచ్చి కత్తి ఆగిపోతుంది. చిన్నప్పుడు నేను కోస్తే నాలుగు ముక్కలూ చేతికొచ్చేవి. "కోయాలి, తెగకూడదు" అనేది అమ్మ. ఆ అడ్డగాట్ల కళంతా ఈ రెండు మాటల్లోనే ఉంది. ఒక్క గాటే పెడితే వంకాయ నోరు తెరుస్తుంది, కారం రెండు చెంపలకే తగులుతుంది. రెండో గాటు పడితే మధ్య దాకా నాలుగు గదులు తెరుచుకుంటాయి.

మామిడిపండుకీ ఇదే సూత్రం. టెంకకి రెండు పక్కలా పెద్ద చెక్కలు కోసి, తొక్క తెగకుండా గుజ్జు మీద నిలువు గాట్లు, అడ్డ గాట్లు పెట్టి, వెనక నుంచి వేలితో నొక్కితే పండు ముళ్లపందిలా విచ్చుకుంటుంది. ఇక్కడో చిన్న లెక్క ఉంది. ఐదు నిలువు గాట్లు పెడితే ఆరు ముక్కలు. ఇంకో ఐదు అడ్డంగా పెడితే 12 అవ్వాలి కదా అనిపిస్తుంది. కానీ 36 వస్తాయి. ఒకే వైపు గాట్లు పెడుతూ పోతే ముక్కలు కూడికలా పెరుగుతాయి. అడ్డంగా తిరిగితే గుణకారం మొదలవుతుంది. ఈ లెక్క గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వాడతాను.

చేప దగ్గరికొస్తే గాటు వెనక కారణం మారుతుంది. చందువా చేపని పెనం మీద నిండుగా వేయిస్తే, వేడికి ముందు ముడుచుకునేది చర్మం. లోపలి కండ అంత త్వరగా ముడుచుకోదు. దాంతో చేప విల్లులా వంగి, మధ్యలో పెనానికి ఆనదు. ఏటవాలుగా గాట్లు పెడితే ఆ లాగుడు తెగిపోతుంది. ఉప్పూకారం అసలు కండలోకి అంత త్వరగా ఇంకవు, చాలావరకూ పైపైనే ఉంటాయి. గాటు పెడితే ఆ పైభాగమే లోపలికి వెళ్తుంది. గాటు అంచులు సన్నగా ఉంటాయి కాబట్టి ముందు అవే కరకరలాడతాయి. అడ్డంగా రెండో వరస పెడితే డైమండ్‌లన్నీ విడివిడిగా వేగుతాయి. అలాగని మరీ దగ్గరగా పెడితే తిరగేసేటప్పుడు కండ ఊడి పెనానికే ఉండిపోతుంది. రెండు వేళ్ల వెడల్పు వదిలితే సరి.

స్క్విడ్ తినేవాళ్లుంటే ఒక చిట్కా. అది రబ్బరులా సాగుతుందని కంప్లయింట్ కదా. దాన్ని విప్పి పరిచి, లోపలి వైపు సగం లోతు దాకా అడ్డగాట్లు పెట్టి, పెద్ద మంట మీద నిమిషంలో తీసేయండి. వేడి తగలగానే అది గాట్లు బయటికి వచ్చేలా చుట్టుకుంటుంది. ఒక్కో డైమండ్ పువ్వులా నిలబడుతుంది. చైనా వంటల్లో దీన్ని దేవదారు కాయతో పోలుస్తారు. పొడుగ్గా ఉన్న కండ పోగుల్ని కత్తి ముందే తెంపేసింది కాబట్టి పంటికి పని తగ్గుతుంది. మసాలా కూడా ఆ సందుల్లోనే పట్టుకుని ఉంటుంది.

చూశారుగా, మళ్లీ అదే. నూనె అయినా, సిరా అయినా, మసాలా అయినా దాక్కోడానికి గాడి కావాలి.

రంగుకి పరీక్ష పెట్టే దువ్వెన

మళ్లీ ఫ్యాక్టరీకి. జిమ్‌కి వెళ్లేవాళ్లు బార్‌బెల్ పట్టుకునే చోట గరుకుగా డైమండ్‌లు ఉండటం చూసే ఉంటారు. దాన్ని నర్లింగ్ అంటారు. లేత్ మీద తిరుగుతున్న ఇనప కడ్డీకి రెండు చిన్న పళ్ల చక్రాలు గట్టిగా ఒత్తి పెడతారు. ఒకదాని పళ్లు ఎడమకి వాలి ఉంటాయి, ఇంకోదానివి కుడికి. మామూలు నర్లింగ్‌లో లోహాన్ని కోయరు, నొక్కి పైకి లేపుతారు. గాళ్లు ఒకవైపే ఉంటే, చెయ్యి ఆ దారి వెంట జారుతుంది. డైమండ్ అయితే ఏ వైపు జారబోయినా ఒక అంచు అడ్డం వస్తుంది. చెమట చేత్తో పట్టుకునే బరువు దగ్గర ఇది చిన్న విషయం కాదు.

అడ్డగీతలతో ఇంకో పని కూడా ఉంది. ఇది నాకు నచ్చినది. నా ఫ్రెండ్ ఒకడు రంగులు వేసే యూనిట్‌లో క్వాలిటీ చూస్తాడు. వాడి దగ్గర ఆరు పళ్ల దువ్వెనలాంటి కత్తి ఒకటి ఉంటుంది. కొత్తగా రంగు వేసిన రేకు ముక్క తీసుకుని, కింద లోహం తగిలేదాకా ఆ కత్తితో ఒక గీటు. దానికి అడ్డంగా ఇంకో గీటు. ఆరు గీతలు ఇటు, ఆరు గీతలు అటు. మధ్యలో 25 చిన్న గళ్లు. వాటి మీద టేపు అంటించి, గోరుతో బాగా రుద్ది, లాగేస్తాడు. ఎన్ని గళ్ల రంగు ఊడి టేపుకి వచ్చిందో చూసి మార్కు వేస్తాడు.

ఐఎస్ఓ 2409 అనే ప్రమాణం ప్రకారం అసలేమీ ఊడకపోతే 0, 65 శాతం దాటి ఊడితే 5. రంగు పలచగా, అంటే 60 మైక్రాన్ల లోపు ఉండి, కింద రేకులాంటి గట్టి లోహం ఉంటే గీతల మధ్య దూరం ఒక మిల్లీమీటరు. రంగు మందం పెరిగితే దూరం పెరుగుతుంది. తమాషా ఏంటంటే, అమెరికా వాళ్ల ప్రమాణంలో మార్కులు తలకిందులు. అక్కడ 5బి వస్తే ఫస్ట్ క్లాస్, 0బి వస్తే ఫెయిల్. ఏ ప్రమాణమో రాయకుండా ఉత్తి '5' అని రిపోర్టు పంపితే, ఆ సరుకు దివ్యంగా ఉందో, పనికిరాకుండా ఉందో ఎవరికీ తెలియదు.

"ఒకవైపు గీతలు పెట్టి టేపు లాగితే చాలదా?" అని అడిగాను. వాడు చెప్పిన జవాబు నచ్చింది. గీతలు ఒకవైపే ఉంటే రంగు పొడుగు పట్టీలుగా ఉంటుంది. పట్టీలో ఒకచోట పట్టు బలహీనంగా ఉన్నా, అటూ ఇటూ ఉన్న రంగు దాన్ని పట్టుకుని ఆపుతుంది. అడ్డంగా కోసేస్తే ప్రతి గడీ ఒంటరి. పక్కవాడి అండ లేదు. కింద లోహాన్ని తను నిజంగా పట్టుకుని ఉందా లేదా అన్నది అప్పుడే బయటపడుతుంది.

మీ వేలి కింద

ఇక మీ జేబులోది. ఈ కాలమ్‌ని మీరు ఇప్పుడు ఫోన్‌లోనే చదువుతున్నారు కదా. పైకి తోస్తున్న మీ వేలి కింద కూడా అడ్డగీతలే ఉన్నాయి.

టచ్ స్క్రీన్ లోపల కంటికి కనపడని పారదర్శక వాహక గీతలు ఉంటాయి. కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా, ఒకదానికొకటి తగలకుండా. ఒక వరస గీతలకి ఫోన్ వంతులవారీగా చిన్న విద్యుత్ సంకేతం పంపుతుంది. రెండో వరస వాటిని వింటుంది. రెండు గీతలు దాటుకునే ప్రతి కూడలిలో కాస్త విద్యుదావేశం నిలుస్తుంది. మీ వేలు దగ్గరికి రాగానే అందులో కొంత వేలు లాక్కుంటుంది. ఏ కూడలిలో తగ్గిందో చూసి, "ఇదిగో, ఇక్కడ నొక్కాడు" అని ఫోన్ తేల్చుకుంటుంది.

నిలువు గీతలు మాత్రమే ఉంటే, మీరు ఎడమవైపు నొక్కారో కుడివైపు నొక్కారో తెలుస్తుంది. పైనా కిందా అన్నది తెలియదు. లైక్ కొట్టబోతే డిలీట్ అయిపోతుంది! ఇక్కడే మామిడిపండు లెక్క. ఉదాహరణకి 20 నిలువు గీతలు, 40 అడ్డ గీతలు ఉంటే, మొత్తం గీతలు 60. కూడళ్లు మాత్రం 800. ఒక్కో కూడలిని విడిగా చూస్తుంది కాబట్టే రెండు వేళ్లతో ఫొటోని పెద్దది చేయగలుగుతున్నారు.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఒకటే. ఒకవైపు గీత ఎప్పుడూ ఒక దారి తెరిచే ఉంచుతుంది. నూనె ఆ దారినే జారిపోతుంది, చెయ్యి ఆ దారినే జారుతుంది, బలహీనమైన రంగు ఆ దారినే తప్పించుకుంటుంది. రెండో గీత వచ్చి ఆ దారి మూస్తుంది.

అద్దంలా చేయించావా?

హోనింగ్ అయ్యాక మేస్త్రీ బ్లాకుని నాకివ్వలేదు. కుర్రాడికిచ్చి, వేడినీళ్లు, సబ్బు, బ్రష్ తెమ్మన్నాడు. పెట్రోలుతో కడిగితే చాలదట. సానరాయి పొడి ఆ గీతల్లో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని వదిలేస్తే కొత్త రింగుల్ని వారంలో తినేస్తుంది. సబ్బునీళ్లతో రుద్ది, ఆరబెట్టి, తెల్లగుడ్డతో తుడిచారు. గుడ్డ నల్లబడింది. మళ్లీ కడిగారు. మూడోసారి గుడ్డ తెల్లగానే వచ్చింది. అప్పుడు వెంటనే నూనె రాశాడు, తుప్పు పట్టకుండా. పిస్టన్ పాతదే ఉంచి, రింగులు మాత్రం కొత్తవి వేశాడు.

మీ ఇంట్లో ఎవరి బండైనా బోరుకొస్తే నాలా మెరుపు చూసి మోసపోకండి. బిగించే ముందు బోరు చూపించమనండి. లైటు కింద పెట్టి తిప్పితే సన్నటి డైమండ్ అల్లిక కనపడాలి. "హోనింగ్ చేశారా, సబ్బునీళ్లతో కడిగారా?" అని అడగండి. ఇంకో మాట. కొత్త బండ్లలో కొన్నింటికి బోరు లోపల నికెల్ పూత ఉంటుంది. దాన్ని మామూలుగా రీబోరు చేయకూడదు. ముందే కనుక్కోండి. బిగించాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు మరీ లాగించకుండా, అలాగని ఎప్పుడూ ఒకే స్పీడులో ఈడ్చకుండా, కాస్త పెంచుతూ తగ్గిస్తూ నడపమన్నాడు మేస్త్రీ. రింగులు బోరుతో స్నేహం చేసుకునే టైమ్ అది.

బండి ఇంటికి తీసుకొచ్చాను. నాన్న అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాడు. స్టాండు వేసి, ఇంజన్ ఆపకుండా అలాగే వదిలేశాను. ఆయన లేచి, బండి వెనక్కి వెళ్లి, సైలెన్సర్ దగ్గర తెల్లటి జేబురుమాలు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. దాన్ని తిప్పి చూసుకున్నాడు. తెల్లగానే ఉంది.

"ఈసారి ఇంకా బాగా అద్దంలా చేయించావా?" అన్నాడు.

"లేదు నాన్నా. గీకించాను."

నమ్మనట్టు చూశాడు. అయినా తాళం తిప్పి ఆపకుండా, ఎక్కి కూర్చున్నాడు. నన్ను వెనక ఎక్కమన్నాడు. సెంటర్ దాకా వెళ్లాం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆయన వెనక్కి తిరిగి చూసింది నన్ను కాదు, మా వెనక ఆగిన స్కూటీ అమ్మాయిని. ఆ అమ్మాయి ముక్కు మూసుకోలేదు. ఫోన్ చూసుకుంటోంది.